సైన్ టూ తీటా ముందున్న సగం

సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వికారాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. కాసేపు పై అధికారుల మీద విసుక్కుంటారు, కాసేపు ఎండల గురించి చెప్పుకుంటారు. ఆ తరువాత ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, సూత్రం నోటికొస్తే చాలదా? అది ఎట్లా వచ్చిందో తెలిసి చేసేదేముంది?"

ఈ ప్రశ్నకు నా దగ్గర చిన్న జవాబు లేదు. ఉన్నది నేను చేసిన ఒక తప్పు. దాన్ని ఇన్నేళ్లలో ముక్కలు ముక్కలుగా చెప్పానే గాని మొత్తం ఎక్కడా రాయలేదు. నా ఉద్యోగంలో ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో ఎవరికీ అక్కరలేదు కాబట్టి అదంతా వదిలేస్తున్నాను.

జైబ్

నా చదువు వికారాబాద్‌లోనే సాగింది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. లెక్కల్లో సైన్‌ను 'జైబ్' అనేవాళ్లు. అది వినగానే మాకు చొక్కా జేబు గుర్తొచ్చి నవ్వొచ్చేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నిజాం రాజ్యం పోయింది. ఆ తరువాత పుస్తకాలు ఒక్కొక్కటే మారాయి. జైబ్ వెళ్లి సైన్ వచ్చింది. సారు మాత్రం పాతవారే. ఇంగ్లీషు పుస్తకం చేత్తో పట్టుకుని ఉర్దూలో చెప్పేవారు, కోపం వస్తే తెలుగులో తిట్టేవారు.

ఒకరోజు రెండు కోణాలను కలిపితే వచ్చే సైన్ ఎంతో బోర్డు మీద రాయమన్నారు. నేను వెళ్లి సైన్ ఎ, ప్లస్ సైన్ బి అని రాశాను. కోణాలు కలిపినప్పుడు సైన్‌లు కూడా కలుస్తాయి కదా అనుకున్నాను.

"ఎ అరవై, బి ముప్పై. రెండూ కలిపితే?" అన్నారు సారు.

"తొంభై సార్."

"తొంభైకి సైన్ ఎంత?"

"ఒకటి సార్."

"నీ లెక్క ప్రకారం ఎంతొచ్చిందో చూడు."

కూడి చూశాను. ఒకటిన్నరకు కొంచెం తక్కువ వచ్చింది.

"ఒకటి దాటిన సైన్‌ను నువ్వు ఏడ చూసినవ్‌రా?" అన్నారు. తరగతి అంతా నవ్వింది.

ఆ సిగ్గుతో అసలు సూత్రాన్ని బట్టీ పట్టాను. సైన్ ఎ కాస్ బి, ప్లస్ కాస్ ఎ సైన్ బి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి. అది ఎందుకు అట్లా ఉందో నాకు తెలియదని సారుకు తెలియలేదు, నాకు కూడా తెలియలేదు. నాకు ఆ రోజు జరిగిన నష్టం తప్పు రాయడం కాదు. తప్పును దిద్దుకున్నాననుకుని ఊరుకోవడం.

ఖాజా సాబ్

సర్వే పార్టీలో చేరినప్పుడు నన్ను ఖాజా సాబ్ కింద వేశారు. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఆయన ఫీల్డు పుస్తకాలన్నీ ఉర్దూలో ఉండేవి, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆఫీసులో ఇంగ్లీషు వచ్చాక ఆయన రాసిన నివేదికలు వెనక్కి రావడం మొదలైంది. కొలతలో దోషం లేదు, భాష తప్పు. ముప్పై ఏళ్లు కొండలూ వాగులూ కొలిచిన మనిషి, నిన్నమొన్న వచ్చిన గుమాస్తా ముందు నిలబడి 'దీన్ని ఇంగ్లీషులో ఏమంటరు బాబూ' అని అడగవలసి వచ్చింది. అది ఎంత అన్యాయమో ఆనాడు మాలో ఒక్కరం కూడా నోరు తెరిచి అనలేదు. నేనూ అనలేదు.

ఆయనతో అనంతగిరి మీద పనిచేసిన ఒక రోజు చెప్పాలి. పొద్దుటి నుంచి వాన. సైన్ విలువలుండే పట్టీల పుస్తకం తడిసి పేజీలన్నీ అంటుకుపోయాయి. ముప్పై మూడు డిగ్రీల ఇరవై నిమిషాలకు సైన్ కావాలి. నేను ఇంటికి పోదామన్నాను.

"ఎందుకు పోవాలె? ముప్పైకి తెలుసు కద," అన్నారు ఖాజా సాబ్.

"ముప్పైకి తెలుసు. మిగతాది?"

"మిగతాది మూడు డిగ్రీల ఇరవై నిమిషాలు. గింత చిన్న కోణం. డిగ్రీకి పాయింట్ సున్నా ఒకటి ఏడు నాలుగు ఐదు లెక్కన సైన్ వస్తది. కాస్ ఒకటికి జర తక్కువ. ఇంకేం కావాలె నీకు?"

ముప్పైని, మూడు చిల్లరను, రెండు కోణాలు కలిపే ఆ సంకలన సూత్రంలో పెట్టి, తడిసిన కాగితం మీద పెన్సిల్‌తో చేసి చూపించారు. పాయింట్ ఐదు నాలుగు తొమ్మిది ఐదు. ఆఫీసుకు వచ్చాక పొడి పుస్తకంలో చూశాను. నాలుగు అంకెలూ అవే.

నేనది ఒక గారడీ అనుకున్నాను. పెద్దమనిషి సరదాకు చూపించాడనుకున్నాను. నేర్చుకోవలసిన పని అని తోచలేదు. కొన్నాళ్లకు ఖాజా సాబ్ ముందే పదవీ విరమణ తీసుకుని తాండూరు వెళ్లిపోయారు. అక్కడ వాళ్ల తమ్ముడికి నాపరాళ్ల కార్ఖానా ఉంది. బండలు కోయడానికి కొలత గీతలు వేసే పని పెట్టుకున్నారు.

ఆ పేజీ

పందొమ్మిది వందల యాభైల చివర్లో పూడూరు దాటాక ఒక వాగు మీద చెరువు కట్ట వేయాలని తలపెట్టారు. ఊరి పేరు రాయను. కట్ట వేస్తే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో కొలిచి పటం గీయడం మా పని. మా పై అధికారి నరసింగరావు గారు, అసిస్టెంట్ ఇంజనీరు. ముక్కోపి. సెలవు అడిగితే ముందు పటం అడిగేవారు.

ఆ కొలత ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. దూరాన ఒకరు అడుగులు, అంగుళాలు గీసిన కర్ర నిలువుగా పట్టుకుంటారు. దుర్బీనులోంచి చూస్తే కర్రకు అడ్డంగా పైన ఒక సన్నని గీత, కింద ఒకటి కనిపిస్తాయి; వాటిని వెంట్రుకలు అంటాం. ఆ రెండిటి మధ్య కర్ర మీద ఎన్ని అడుగులున్నాయో, అంటే అంతరం ఎంతో చూసి వందతో గుణిస్తే దూరం లెక్కకు వస్తుంది. దుర్బీను ఎంత కోణం పైకెత్తామో దాని పక్కనే రాసుకుంటాం. ఆ దూరాన్ని రెట్టింపు కోణపు సైన్‌తో గుణించి సగం చేస్తే ఎత్తు వస్తుంది. సగం, వంద, అంతరం, సైన్ టూ తీటా. ఇది మాకు అన్నం తిన్నంత అలవాటు.

నేను దానికి ఒక అడ్డదారి కనిపెట్టాను. ఒక్కొక్క వరుసకు సగం చేయడం ఎందుకని, పేజీ అంతా గుణించుకుంటూ పోయి, చివర్లో ఎర్ర పెన్సిల్‌తో ఒకేసారి అన్నిటినీ సగం చేసేవాణ్ణి. తొందరగా అయ్యేది. ఆ తొందర చూసి నరసింగరావు గారు ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

ఒక పేజీ చివరికి వచ్చేసరికి ఆయన పిలిచారు. వెళ్లి పటం పరిచి పట్టుకున్నాను. తిరిగి వచ్చి కూర్చుని తరువాతి పేజీ మొదలుపెట్టాను. ఎర్ర పెన్సిల్ ఆ పాత పేజీని తాకలేదు.

ఆ పేజీలో వాగు ఒడ్డున ఉన్న పన్నెండిళ్ల పల్లె ఉంది.

మా లెక్కలో మత్తడి మట్టం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎత్తు, నూట పది అడుగులు. నా పేజీ ప్రకారం పల్లె నూట పదహారు దాటి ఉంది. పల్లెకు ఏమీ కాదని పటం చెప్పింది. నరసింగరావు గారు సంతకం పెట్టి పైకి పంపారు. ఆ సంగతి పల్లెవాళ్లకు చెప్పి రమ్మని నన్ను పంపారు.

పల్లెలో మొగులమ్మ అనే ఆమె, ఆమె భర్త మల్లయ్య కొత్త ఇంటికి రాళ్లు తోలించుకుని ఉన్నారు. కట్ట మాట విని పని ఆపారు. నేను చెప్పింది విని మల్లయ్య సంతోషపడ్డాడు. మొగులమ్మ మాత్రం చంకలో బిడ్డను సర్దుకుని వాగు వైపు చూసింది.

"సార్, వాగు పొంగిన ఏడు మా గొడ్ల కొట్టం దాక వచ్చినయ్ నీళ్లు. కట్ట కడ్తే ఇంక జర పైకి రావా?"

"రావమ్మా. కొలిచినం," అన్నాను.

కొలిచిన వాడితో ఆమె ఏమని వాదిస్తుంది? నేను నా జీవితంలో అన్న మాటల్లో ఈ ఒక్కదాన్ని వెనక్కి తీసుకోగలిగితే బాగుండుననుకుంటాను. ఆమె ఆ మాట అన్నప్పుడే పుస్తకం తెరిచి చూసి ఉండవలసింది. ఏటేటా నీళ్లను చూసిన మనిషి అడుగుతున్నది. ఆమె కొలత కూడా కొలతే.

తాండూరు బండ

రెండు నెలల తరువాత ఒక ఆదివారం రైలెక్కి తాండూరు వెళ్లాను. కార్ఖానాలో ఖాజా సాబ్ ఒక పెద్ద నాపరాయి ముందు సుద్దముక్కతో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి చాలా సంతోషించారు. చాయ్ తెప్పించారు. చెరువు పని గురించి అడిగారు. నేను ఉత్సాహంగా అంతా చెప్పాను, నా ఎర్ర పెన్సిల్ అడ్డదారితో సహా.

ఆయన విని తల ఊపారు. "మంచిదే. గాని సత్తెయ్యా, ఆ సగం ఏడికెల్లి వచ్చింది?"

"సూత్రంల ఉంది ఉస్తాద్."

"సూత్రంల ఉంది. సూత్రంలకు ఏడికెల్లి వచ్చింది?"

ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. ఏడేళ్లుగా ఆ సగంతోనే బతుకుతున్నాను.

ఆయన నాపరాయి మీద సుద్దతో గీయడం మొదలుపెట్టారు. "జర చూడు. నువ్వు ఏటవాలుగ చూస్తున్నవ్, కర్ర నిలువుగ ఉంది. అందుకని అంతరం ఉన్నదానికంటె ఎక్కువ కనబడ్తది. దాన్ని కాస్‌తోని గుణిస్తే నీ చూపు వెంట దూరం వచ్చింది. ఆ దూరాన్ని సైన్‌తోని గుణిస్తే ఎత్తు వచ్చింది. ఏం మిగిలింది?"

"సైన్, కాస్. రెండు గుణిస్తే వచ్చేది."

"ఇగ సంకలన సూత్రం చెప్పు. నిద్రల లేపినా చెప్తనంటివి కద."

చెప్పాను. సైన్ ఎ కాస్ బి, ప్లస్ కాస్ ఎ సైన్ బి.

"ఎ, బి రెండూ ఒకటే కోణమైతే?"

"సైన్ కాస్, ప్లస్ మళ్లీ సైన్ కాస్." అని ఆగిపోయాను.

"రెండుసార్లు వచ్చింది. మనకు కావాల్సింది ఒక్కసారే. గందుకే సగం." సుద్దముక్క కింద పెట్టారు. "గది ఎవరో పెట్టిన రూలు కాదు బేటా. నువ్వు సగం చెయ్యకపోతే ఒకే కొండను రెండుసార్లు ఎక్కినట్టు."

బడిలో బట్టీ పట్టిన ఆ వరుసకు, నేను రోజూ చేసే పనికి సంబంధం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. చాలా ఆనందం వేసింది. ఆ ఆనందంలో, సంచిలో ఉన్న చెరువు ఫీల్డు పుస్తకం తీసి, ఏదైనా ఒక వరుస మీద పరీక్షించి చూపించమన్నాను. తెరిచిన పేజీలోంచి చదివాను. "అంతరం నాలుగు అడుగులు. అంటే నాలుగు వందలు. కోణం ఒకటిన్నర డిగ్రీ."

ఆయన పుస్తకం చూడలేదు, పెన్సిల్ ముట్టలేదు. "చిన్న కోణాలకు నోటిలెక్క చాలు. నూరడుగులకు డిగ్రీకి పావు తక్కువ రెండడుగులు లేస్తది. నాలుగు నూర్లకు ఏడు. ఒకటిన్నర డిగ్రీకి పదిన్నర. నీది ఎంతుంది?"

నా పేజీలో ఇరవై పాయింట్ తొమ్మిది ఉంది.

మళ్లీ చూశాను. పేజీ పై నుంచి కింది దాకా చూశాను. ఎర్ర గీత ఎక్కడా లేదు. అది పల్లె ఉన్న పేజీ. మిషను ఉన్న మట్టం నూరు; దానికి పదిన్నర కలిపి, కర్ర మీద చూపు తగిలిన నాలుగు అడుగుల ఎత్తు తీసేస్తే, పల్లె ఉన్నది నూట ఆరున్నర దగ్గర. చెరువు నిండితే మూడున్నర అడుగుల నీళ్లు.

ఖాజా సాబ్ నా ముఖం చూసి పుస్తకం తీసుకున్నారు. ఇంగ్లీషు అంకెలు మెల్లగా చదువుకున్నారు. నన్ను తిట్టలేదు.

"ఈడ ఏమున్నది?"

"పల్లె ఉస్తాద్. పన్నెండు ఇండ్లు. నీళ్లు రావని నేనే పోయి చెప్పిన."

చాయ్ కప్పు పక్కన పెట్టి లేచారు. "రైలుకు ఇంక టైము ఉంది. పో. ఫికర్ తర్వాత చేద్దువుగాని, ముందైతే పో."

నరసింగరావు గారు

సోమవారం ఉదయం ఆయన బల్ల ముందు ఆ పేజీ పెట్టాను. ఏం జరిగిందో చెప్పాను. ఆయన పేజీ పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూశారు.

"నివేదిక పైకి పోయి రెండు నెలలయింది. తెలుసా?"

"తెలుసు సార్."

"ఈ రెండు నెలలు ఏం చేస్తున్నవ్?"

"తెలియలేదు సార్. నిన్ననే తెలిసింది."

"ఎవరైనా పట్టుకున్నరా, నువ్వే పట్టుకున్నవా?"

ఖాజా సాబ్ పేరు చెప్పాను. ఆయన ముఖంలో ఏదో మారింది. ఉర్దూలో ఉన్నందుకు ఖాజా సాబ్ నివేదికలను వెనక్కి పంపింది ఈయన సంతకమే.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనే అనుకున్నాను. అప్పటికి నాది ఇంకా పర్మినెంటు కాని ఉద్యోగం. ఆయన లేచి, "లెవెల్ మిషను తియ్యి. నీ సైన్‌లు, కాస్‌లు ఏం వద్దు. నేనే చూస్త," అన్నారు.

ఆ రోజంతా ఎండలో, సమమట్టంలో మాత్రమే చూసే ఆ దుర్బీనుతో, వాగు ఒడ్డున కట్ట స్థలం నుంచి పల్లె దాకా అంచెలంచెలుగా మట్టం తీసుకుంటూ వచ్చారు. నాతో అక్కర ఉన్న మాట తప్ప మాట్లాడలేదు. పల్లె దగ్గర చివరి లెక్క తేలింది. నూట ఆరున్నర.

ఆయన పైకి రాసిన ఉత్తరం తరువాత నేను చూశాను. 'నా పరిశీలనలో జరిగిన దోషం వల్ల' అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. కృతజ్ఞతలు చెప్పబోయాను.

"నీ మీద దయతోని కాదు," అన్నారు. "సంతకం పెట్టేముందు ఒక్క వరుసైనా నేను చూడలె. పల్లె ఉన్న పేజీని చూడకుంట ఏం చూసినట్టు? పైకి రాసే పని నాది. ఆ పల్లెకు పోయి చెప్పే పని నీది. రేపే పో."

ఆ తరువాత నేను చాలామంది మెత్తని అధికారుల దగ్గర పనిచేశాను. భుజం తట్టేవాళ్లు, పిల్లల చదువులు అడిగేవాళ్లు. తప్పు బయటపడగానే వాళ్లలో ఎక్కువమంది కింద ఎవరున్నారా అని వెతికారు. నరసింగరావు గారు మంచిగా మాట్లాడటం నేను వినలేదు. అయినా పనిచేస్తే అట్లాంటి మనిషి కింద చేయాలి.

మొగులమ్మ గోడ

నేను వెళ్లేసరికి కొత్త ఇంటి గోడ ఛాతీ ఎత్తుకు లేచి ఉంది. మొగులమ్మ మట్టి కలుపుతున్నది. చెప్పాను. తిప్పి తిప్పి చెప్పలేదు. నేను లెక్క తప్పు చేశాను, నీళ్లు వస్తాయి అన్నాను.

మల్లయ్య అరిచాడు. అది న్యాయమే. పల్లెలో మిగతావాళ్లు కూడా చేరారు. మొగులమ్మ చేతులు కడుక్కుని వచ్చింది.

"అప్పుడు కొలిచి రావంటివి. ఇప్పుడు కొలిచి వస్తయంటున్నవ్. రెండిట్ల ఏది నమ్మాలె మేము?"

అంతకంటే సరైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేను ఇంకో లెక్క చెప్పి ఏం లాభం? లెవెల్ మిషనును పల్లెకు ఎదురుగా ఉన్న వాలులో, దాని చూపు సరిగ్గా నూట పది అడుగుల మట్టంలో ఉండేటట్టు నిలబెట్టాను. చాలాసేపు పట్టింది. రెండుసార్లు స్థలం మార్చాను. అందరూ చూస్తూ నిలబడ్డారు.

"నువ్వే చూడమ్మా," అన్నాను.

ఆమె కన్ను పెట్టి వెంటనే వెనక్కి తగ్గింది. "గిదేంది సార్, ఇల్లు తలకిందులైంది?"

ఆ కాలపు దుర్బీనుల్లో అన్నీ తలకిందులుగానే కనిపించేవి. అది అద్దాల పద్ధతి అని, పైకి కనిపించేది కింద, కిందికి కనిపించేది పైన అనుకోవాలని, అడ్డంగా ఉన్న వెంట్రుక మాత్రం నీళ్ల గీత అని చెప్పాను. ఈ గీత వెంటే చెరువు నీళ్లు నిలుస్తాయి అన్నాను. ఆమె మళ్లీ చూసింది. మల్లయ్య గోడ దగ్గర బొగ్గుముక్కతో నిలబడ్డాడు. ఆమె దుర్బీనులోంచి కన్ను తీయకుండానే చేతితో కిందికి, ఇంకా కిందికి, ఆపు అని సైగలు చేసింది. అతను గీత గీశాడు.

ఆమె నడిచి వెళ్లి ఆ గీత మీద చేయి పెట్టింది. అది ఆమె నడుము దగ్గర ఉంది.

"గిందాకనా?"

"గిందాక," అన్నాను.

"ఇగో, పైవరుస తీయి," అంది మల్లయ్యతో. పైవరుస రాళ్లు తీయడం మొదలైంది. నేనూ మా కర్ర పట్టే మనుషులూ కలిసి ఆ రాళ్లను వాలు మీదికి మోశాం. నాలుగు రోజులు పట్టింది. ఎవరూ మాకు కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. మిగతా పదకొండు ఇళ్లవాళ్లకు స్థలం చూపించే కాగితాల కోసం నరసింగరావు గారు ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు. రెండు వానాకాలాలు గడిచేలోగా పల్లె మొత్తం పైకి వెళ్లింది. కట్ట పని ఆ తరువాతే మొదలైంది.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీ మిషన్లు ఇప్పుడు అంకెను తామే చేసిస్తాయి. మంచిదే. అయితే అంకె కనబడగానే, ఇది ఉండదగినంతే ఉందా అని ఒక్క నిమిషం నోటితో లెక్కవేయండి. సూత్రంలో ప్రతి ముక్క ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారైనా మీ చేత్తో రాబట్టండి. ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన సగాన్ని ఎవరూ మరిచిపోరు. ఊరివాళ్లు మీ కొలతకు ఎదురు మాట అంటే, వాళ్లు దేన్ని చూసి అంటున్నారో ముందు అడగండి. నేను అడిగి ఉంటే గొడ్ల కొట్టం దాకా నడిచి చూసేవాణ్ణి.

కట్ట పూర్తయి, ఆ చెరువు మొదటిసారి మత్తడి పోసిన ఏడు నేను ఒక్కణ్ణే అక్కడికి వెళ్లాను. నీళ్లు చాలా దూరం పరుచుకుని ఉన్నాయి. మొగులమ్మ పైనున్న కొత్త ఇంటి నుంచి నన్ను గుర్తుపట్టి ఒడ్డుకు దిగి వచ్చింది. పక్కన నాలుగో తరగతి చదివే కూతురు. నేను చెప్పులు విప్పి, ధోవతి ఎగగట్టి నీళ్లలోకి నడిచాను.

"ఇంక జర కుడికి సార్," అని ఒడ్డు నుంచి చెప్పింది మొగులమ్మ. "గాడ్నే. గది మా పాత ఇంటి గడప."

కాలికి రాతి అంచు తగిలింది. నిలబడ్డాను. నీళ్లు కదలకుండా ఉన్నాయి.

"ఎంతున్నయ్ సార్?"

"నడుముల దాక."

ఆమె పక్కనున్న కూతురి తల నిమిరింది. తరువాత అరచేతిని తన మోకాలికి కొద్దిగా పైన ఆనించి చూపించింది.

"నీళ్లు రావంటివి కద, గప్పుడు మా బిడ్డ గింతే ఉండె," అంది.